ఇంకో మూడు రోజులు

బొగ్గులు ఇంకా రాజుకోలేదు. ఇస్త్రీపెట్టె మూత తెరిచి ముసలమ్మ అట్టముక్కతో విసురుతుంటే ఒక అమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది. చేతిలో బట్టల మూట లేదు. మూట లేకుండా ఇస్త్రీ కొట్టుకి వచ్చేవాళ్ళు రెండే రకాలు: దారి అడిగేవాళ్ళు, అద్దె అడిగేవాళ్ళు. ఈ పిల్ల మొహం చూస్తే రెండూ కాదు.

“పాత ఆడజైల్లో వంట చేసినావిడ మీరేనా, అమ్మమ్మగారూ?”

విసురుతున్న చెయ్యి ఆగిపోయింది. లోపల చొక్కాలు మడత పెడుతున్న కూతురు తల బయటికి పెట్టింది.

“మా అమ్మే. అక్కడ జీతానికి చేసేది, నేను పుట్టకముందు” అంది కూతురు, తల్లి ఏదో పెద్ద ఉద్యోగం వెలగబెట్టినట్టు.

ముసలమ్మ పెట్టె మూత మూసింది. జీతం మాట తను చెప్పిందే. కూతురు చిన్నప్పుడు, పక్కింటావిడ ఏదో కూస్తే, నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం పిల్లతోపాటే పెరిగి పెద్దదై, పిల్లలకి తల్లి కూడా అయింది. ఇప్పుడు దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టడం ఎవరి తరం.

ఆ అమ్మాయి మ్యూజియం పని చూస్తోందట. ఆడజైలుని మ్యూజియం చేస్తున్నారట. రాజకీయ ఖైదీలుగా ఉన్న ఆడవాళ్ళ చరిత్రంతా గోడల మీద పెడుతున్నారట. అన్ని గదులూ తెలిశాయి గానీ వంటశాల ఎలా ఉండేదో ఎవరికీ గుర్తులేదట.

“వాళ్ళెవరూ వంటశాలలోకి రాలేదు కదా. ఎలా గుర్తుంటుంది?” అంది ముసలమ్మ.

“టీచరమ్మగారే మీ సంగతి చెప్పారు. ప్రారంభానికి ఆవిడ కూడా వస్తున్నారు.”

“బతికే ఉందా?”

“అయ్యో, చక్కగా ఉన్నారు. నిరాహారదీక్ష నడిపించింది ఆవిడే కదా.”

ముసలమ్మ దుప్పటి పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె దాని మీద పెట్టింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ దీక్ష సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని నడిపించిన మనిషిని ఒకే ఒక్క మాట అడగాలని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకు తిరుగుతోంది. దీక్ష అయిపోయిందని నాకెందుకు చెప్పలేదు? మర్చిపోయారా, కావాలనే వదిలేశారా? మర్చిపోతే మనుషులు మర్చిపోతారు, క్షమించొచ్చు. కావాలనే అయితే వేరే లెక్క. ఏదో ఒకటి తెలిస్తే చాలు.

“వస్తాను” అంది.

ఇల్లు దాటి వీధి చివరి దాకా కూడా వెళ్ళని మనిషి వస్తానంటే కూతురు ఆశ్చర్యపోయింది. “నేనూ వస్తానమ్మా” అంది వెంటనే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, దీన్నెక్కడ తీసుకెళ్ళను అనుకుంది ముసలమ్మ. కానీ కాళ్ళు సరిగా పడవు, చూపు సరిగా ఆనదు. పిల్లి లేందే పెళ్ళికి వెళ్ళలేదు.

*

జైలుకి సున్నం కొట్టారు. గేటుకి నల్లరంగు వేశారు. లోపల పూలకుండీలు పెట్టారు. ముసలమ్మకి గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. సోదాకి ఏ చెయ్యి పైకెత్తాలో, ఎవరికి పేరు చెప్పాలో ఒక్క క్షణం తెలియలేదు. కూతురు మోచెయ్యి పట్టుకుని, “మెట్టుందమ్మా” అంది.

వంటశాలలో ఆమె చాలాసేపు గోడలు తడిమింది. పొయ్యిలు ఇక్కడ, గుండిగలు ఇక్కడ, కట్టెలు ఆ మూల. “కిటికీ ఎడమవైపు ఉండేది” అని గట్టిగా చెప్పింది. పనివాళ్ళు సున్నం గోకి చూశారు, కిటికీ జాడ లేదు. కుడివైపు గోకితే బయటపడింది. “వయసు మీద పడింది కదా” అని నవ్వి ఊరుకుంది గానీ, లోపల కాస్త భయపడింది. ఇది తప్పు గుర్తుంటే ఇంకేమేం తప్పు గుర్తున్నాయో.

అప్పుడు చూసింది, కాగితాలు కప్పి ఉన్న బొమ్మని. మ్యూజియం అమ్మాయి కాగితాలు తీసింది. మనిషంత బొమ్మ, ముతక చీర కట్టి ఉంది. రెండు చేతులతో తెడ్డు పట్టుకుని గుండిగలో కలుపుతోంది. మొహం లావుగా, తృప్తిగా ఉంది.

“ఇది మీరే అనుకోండి, అమ్మమ్మగారూ” అంది అమ్మాయి ముచ్చటగా.

పక్కన బోర్డు ఉంది. కూతురు చదివింది: “దీక్ష జరిగినన్ని రోజులూ ఈ పొయ్యి ఆరలేదు. నీరసించిన ఖైదీల సంకల్పం చెడగొట్టడానికి అధికారులు పూటపూటా వేడివేడిగా వండించి వారి ముందు పెట్టించేవారు.”

“వండించి” అంది ముసలమ్మ.

“అవునమ్మా, నువ్వు వండితే వాళ్ళ ముందు పెట్టేవాళ్ళట. పాపం, నువ్వేం చేస్తావులే. చెప్పిన పని చెయ్యాలిగా.”

కూతురూ ఆ అమ్మాయీ వరండాలోకి వెళ్ళాక, ముసలమ్మ బొమ్మ దగ్గరికి నడిచి, దాని వేళ్ళ మధ్య నుంచి తెడ్డు లాగింది. గట్టిగా బిగించారు, ఓ పట్టాన రాలేదు. వచ్చాక పొయ్యిగట్టు మీద పెట్టింది. ఆ రోజు కూడా అక్కడే పెట్టింది.

ఆ రోజు వార్డరమ్మ గరిటెతో గుండిగ అంచు మీద కొట్టి, “తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టవే” అంది. పెట్టను అంది తను. పెట్టకపోవడమే కాదు, తన పళ్ళెం కూడా పక్కకి నెట్టేసింది. ఎందుకంటే చెప్పడం రాదు. గోడకి అవతల ఆడవాళ్ళు చాపల మీద పడుకుని పెదాలు తడుపుకుంటుంటే, ఇవతల తను ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగలేదు, అంతే. వార్డరమ్మ పగలబడి నవ్వింది. “పులిని చూసి నక్క వాత పెట్టుకుందట. వాళ్ళు చదువుకున్నవాళ్ళే, పస్తుంటే పేపర్లో వేస్తారు. చెంబు దొంగవి, నువ్వు పస్తుంటే ఎవడికే?” అంటూ జుట్టు పట్టుకుని వెనక చీకటికొట్టులో పడేసింది.

చెంబు దొంగే. పని చేసే ఇంట్లో చెంబు తీసింది, దొరికింది. జైల్లో అందరూ ఆమెని చెంబు అనే పిలిచేవాళ్ళు.

చీకటికొట్టు వంటశాల వెనకే ఉంది. తలుపు తోసి చూసింది. లోపల రంగు డబ్బాలు, చీపుళ్ళు, విరిగిన నిచ్చెన ఉన్నాయి. ఇక్కడ చరిత్రేమీ లేదని వాళ్ళకెవరో చెప్పినట్టుంది.

ఆ కొట్టులో ఉండగానే అవతల దీక్ష ముగిసింది. ఆ సంగతి తెలియక ఆమె ఇంకో మూడు రోజులు అన్నం ముట్టలేదు. నీళ్ళకుండ మార్చడానికి వచ్చిన ఊడ్చే ఆవిడ చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఓసి పిచ్చిదానా, వాళ్ళు తినేసి మూడు రోజులైందే! నీకెవరూ చెప్పలేదా?”

*

మర్నాడు టీచరమ్మ వచ్చింది. చేతికర్ర, తెల్లటి జుట్టు, వెనక పదిమంది. వరండా అంతా ఆవిడ గొంతే వినపడుతోంది. ఆ గొంతు మాత్రం ముసలవలేదు.

“ఎక్కడమ్మా మా చెంబు?”

పక్కన కూతురుంది. చెంబేంటని అడుగుతుందేమోనని ముసలమ్మ ఓరగా చూసింది. కూతురు ఏదో ముద్దుపేరనుకుని నవ్వుతోంది. టీచరమ్మ గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. చేతులు వెచ్చగా ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అవి దొంగనీళ్ళు కావు.

“మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుందమ్మా ఈ పిల్ల” అంది అందరితోనూ. “నేను అడగకుండానే నా గంజిలో ఉప్పు తగ్గించేది.”

అడగాలి, ఇప్పుడే అడగాలి అనుకుంది ముసలమ్మ. టీచరమ్మ వంటశాల గడపలో నిలబడి, పదిమందినీ చుట్టూ చేర్చుకుని చెప్పడం మొదలుపెట్టింది.

“మీకో నవ్వొచ్చే సంగతి చెప్తాను. దీక్ష విరమించాక రోజూ పల్చటి గంజి ఇచ్చేవాళ్ళు. మొదట ఎవరో తెచ్చేవాళ్ళు, ఓ నాలుగు రోజులకి మళ్ళీ ఈ చెంబు తెచ్చింది. చూద్దును కదా, గడకర్రలా అయిపోయింది! కళ్ళు లోపలికి పోయాయి. నేనన్నానూ, ఏమే చెంబూ, పస్తున్నది మేమా నువ్వా, మా అందరికంటే నువ్వే చిక్కావే అని. మా వాళ్ళందరూ ఒకటే నవ్వు. అన్నాళ్ళ తర్వాత అదే మేం మొదటిసారి నవ్వడం. కడుపులో పేగులు నొప్పెట్టాయంటే నమ్మండి.”

పదిమందీ నవ్వారు. మ్యూజియం అమ్మాయి నవ్వుతూ ఏదో రాసుకుంది. కూతురు కూడా నవ్వింది. కూతురు నవ్వడమే ముసలమ్మకి ఎక్కువ కష్టమనిపించింది.

అప్పుడు కూడా ఆమె నవ్వింది. గంజి పళ్ళెం పట్టుకుని, కాళ్ళు వణుకుతుంటే, వాళ్ళతోపాటు పళ్ళు బయటపెట్టి నవ్వింది. నవ్వకపోతే ఏం చెప్పాలో తెలియక. ఇప్పుడూ అదే చేసింది. అడగాల్సిన మాట అడగనే లేదు. బొమ్మ చేతిలోకి తెడ్డు మళ్ళీ వచ్చి ఉంది. ఎవరో జాగ్రత్తపరులు దాన్ని ఈసారి తీగతో కట్టారు.

*

ప్రారంభం రోజు పొద్దున్న ముసలమ్మ పళ్ళెం ముందు కూర్చుని లేచిపోయింది.

“నిన్న రాత్రి కూడా తినలేదు. ఏంటమ్మా ఇది?” అంది కూతురు. “ఒంట్లో బాగాలేకపోతే మానేద్దాం. మనం వెళ్ళకపోతే ఆగిపోతుందా ఏం?”

“ఆగదు. మనం లేకపోతే ఏదీ ఆగదు” అంది ముసలమ్మ. “పద.”

కూతురు ఆమె బట్టలకి రెండోసారి ఇస్త్రీ చేసింది. భుజం దగ్గర ముడత పోవడం లేదని సణుగుతూ పెట్టెని అదిమి అదిమి తోసింది. దాన్ని చూస్తుంటే ముసలమ్మకి జాలేసింది. తల్లికి సన్మానమేదో జరుగుతుందనుకుంటోంది పిచ్చిపిల్ల.

జైలు ఆవరణలో కుర్చీలు వేశారు. మైకు ఉంది. వేదిక మీద బల్ల, బల్ల మీద నిమ్మరసం గ్లాసులు వరసగా ఉన్నాయి. ఆ రోజు దీక్ష ఎలా విరమించారో అలాగే మళ్ళీ చేసి చూపిస్తారట. బతికున్న పెద్దవాళ్ళకి పెద్దమనుషులు గ్లాసులు అందిస్తారు, ఫొటోలు తీస్తారు. జనం ఇంకా వస్తున్నారు. టీచరమ్మ ఎండకి తాళలేక వంటశాల వైపు నీడలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. అక్కడ చీకటికొట్టు మెట్టు మీద ముసలమ్మ, పక్కన నిలబడి కూతురు ఉన్నారు. నాలుగో మనిషి లేడు.

“అలా మెట్టు మీద కూర్చున్నావేంటే? కుర్చీ తెప్పిస్తానుండు.”

“ఇక్కడ నాకు అలవాటేలెండి” అంది ముసలమ్మ. ఒకసారి కూతురి వైపు చూసింది. ఇంక ఇది వింటే విననీ అనుకుంది. “టీచరమ్మా, మిమ్మల్ని ఒకటడగాలి. మర్చిపోయారా, కావాలనే చెప్పలేదా?”

“ఏది?”

“దీక్ష అయిపోయిందని. నాకు.”

టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. “నీకెందుకు చెప్పాలి? నువ్వు...” అని ఆగింది. “నువ్వు వంటశాలలో ఉన్నావుగా. నీకు జ్వరమన్నారు.”

“ఇందులో ఉన్నాను” అని ముసలమ్మ వెనక తలుపు మీద వేలి కణుపులతో తట్టింది. “మీ ముందు అన్నం పెట్టనన్నాను. నేనూ తిననన్నాను. మీరు మొదలుపెట్టాక రెండు పూటలకి నేనూ మానేశాను. మీరు ఆపేశారని ఎవరూ చెప్పలేదు. ఇంకో మూడు రోజులు ఉన్నాను.”

“నువ్వు దీక్ష చేశావా?” అంది టీచరమ్మ. “నాకు తెలీదే. మాకెవ్వరికీ తెలీదు. నిజంగా తెలీదే చెంబూ.”

ముసలమ్మ తల ఊపింది. ఇన్నేళ్ళూ రెండు జవాబులనే అటూ ఇటూ తూచుకుంటూ కూర్చుంది. మూడోది ఒకటి ఉంటుందని తట్టనే లేదు. మర్చిపోవాలన్నా ముందు తెలిసి ఉండాలి కదా. తను వాళ్ళతో కలిసి చేశాననుకుంది. వాళ్ళ లెక్కలో తను ఎప్పుడూ గంజి తెచ్చే చెయ్యే. ఏడుపు రాలేదు గానీ, ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు చల్లగా, ఖాళీగా అనిపించింది.

“జీతానికి చేసేదానివి, నిన్నెందుకు కొట్టులో వేశారమ్మా?” కూతురు అడిగింది.

“జీతానికి కాదే. శిక్షకి చేశాను. చెంబు దొంగతనం చేశాను. నిజంగానే చేశాను, ఎవరూ అంటగట్టింది కాదు.”

తల్లి భుజం మీద పొద్దున్న పోని ముడత ఉంటే, కూతురు దాన్ని అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. రుద్దిన చోటే రుద్దుతూ చాలాసేపు ఉండిపోయింది.

టీచరమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి నేలకేసి చూస్తోంది. “అందరూ నవ్వారు” అంది తనలో తను. “మొన్న కూడా చెప్పి నవ్వించాను.”

మైకులో పిలిచారు. ఇద్దరు వచ్చి ఆవిణ్ణి చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళారు.

వేదిక మీద మాటలు చాలాసేపు జరిగాయి. సంకల్పం, త్యాగం, ఐకమత్యం. చివరికి పెద్దమనిషి గ్లాసు అందించాడు. టీచరమ్మ అందుకుంది. ఫొటోలవాళ్ళు తాగమన్నట్టు చేతులు ఊపారు. ఆవిడ తాగలేదు. ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో కర్ర పట్టుకుని మెట్లు దిగింది. పట్టుకోబోయిన వాళ్ళని మోచేత్తో తోసేసింది. కుర్చీల మధ్య నుంచి, రసం కొంచెం కొంచెం తొణుకుతూ, వంటశాల వైపు నడిచింది. జనం ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

మెట్టు దగ్గర ఆగింది. ఆయాసపడుతోంది. గ్లాసు ముందుకి చాపింది.

“దీక్ష అయిపోయింది, చెంబూ” అంది. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో, కూతురికి కూడా సరిగా వినపడలేదు. “మనం అడిగినవి ఒప్పుకున్నారు. అందరం విరమిస్తున్నాం. నువ్వూ తాగు.”

ముసలమ్మ గ్లాసు రెండు చేతులతో అందుకుంది. చల్లగా ఉంది. నిమ్మ వాసనకి నోట్లో నీళ్ళూరాయి. రెండు పూటలుగా కడుపులో ఏమీ లేదు. పెదాల దాకా తెచ్చి ఆగింది.

“ఏమేం అడిగారు టీచరమ్మా? నాకు అదీ తెలీదు.”

“గదుల్లో దీపాలు. చదువుకోడానికి పత్రికలు. వారానికో ఉత్తరం.”

“దీపాలు వచ్చాయి. గోడ మీంచి వెలుగు కనపడేది. మా దొంగల వైపు కూడా రేపో మాపో పెడతారని చూసేవాళ్ళం. నేను బయటికొచ్చేదాకా చీకటే.” మామూలుగానే అంది, ఇంటి సంగతి చెప్పినట్టు. “మావైపుకి అడిగితే లేదన్నారా? అసలు అడగలేదా?”

టీచరమ్మకి అబద్ధం చెప్పే వీలుంది. చెప్తే నమ్మేదే ముసలమ్మ. అదొక్కటి మాత్రం ఆవిడ చెయ్యలేదు.

“అడగలేదు” అంది. “తట్టలేదు.”

ముసలమ్మ గ్లాసులోకి చూసింది. గింజ ఒకటి పైకి తేలి, మళ్ళీ కిందికి పోయింది.

“మరైతే నాది ఇంకా అవలేదండీ” అంది.

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అంది. గ్లాసు తొణక్కుండా మెట్టు మీద, తనకి కాస్త ఎడంగా పెట్టింది.

అటు మైకులో “టీచరమ్మగారూ, దయచేసి వేదిక మీదికి...” అని పిలుస్తున్నారు. ఆవిడ తల తిప్పలేదు. కర్ర గోడకి ఆనించింది. మోకాళ్ళు వంగక, గోడ పట్టుకుని, మెల్లిగా, అబ్బా అంటూ మెట్టు మీద కూలబడింది. గ్లాసుకి ఇటు ఒకరు, అటు ఒకరు. కూతురు కాసేపు నిలబడి చూసి, పక్కకి జరగమ్మా అని తల్లిని జరిపి, తనూ కూర్చుంది.